కోడ్ చూసి సెన్సర్ మార్చకు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. చక్రాల పొక్లెయిన్, తెరమీద లోపం కోడ్ ఎస్‌పీఎన్ 3226, ఎఫ్‌ఎమ్‌ఐ 9. యజమాని అప్పుడే కొత్త నాక్స్ సెన్సర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) తెప్పించాడని, రేపే బిగించమంటున్నాడని రాశావు. బిగించే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. దాని ఖరీదు చిన్నది కాదు. బిగించాక కూడా అదే కోడ్ వస్తే దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోరు, యజమానికి నీ మీద నమ్మకం కూడా పోతుంది.

ఎస్‌పీఎన్ ఏ భాగం గురించి ఫిర్యాదో చెబుతుంది. ఎఫ్‌ఎమ్‌ఐ ఆ ఫిర్యాదు ఎలాంటిదో చెబుతుంది. చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు, కానీ దారి చూపేది రెండోదే. 3 అంటే సిగ్నల్ వోల్టేజీ ఉండాల్సినదానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే ఎక్కడో వైరు తెగి కరెంటు పారడం లేదన్న అనుమానం. 2 అంటే వచ్చే విలువలకు పొంతన లేదు. 0, 16 వంటివి వేరే రకం: కొలిచే వేడి లేదా ఒత్తిడి నిజంగానే హద్దు దాటిందని చెప్పేవి. నీకు వచ్చిన 9కి అర్థం, ఆ సెన్సర్ పంపాల్సిన సందేశం ఈసీఎంకు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు, సమయానికి అందడం లేదని. సెన్సర్ చెడిపోయిందని ఆ అంకె ఎక్కడా చెప్పలేదు.

నాక్స్ సెన్సర్‌కు సైలెన్సర్‌లో బిగించే ముక్కు ఒకటి, దానికి వైరుతో విడదీయలేకుండా కలిసిన ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి ఉంటాయి. పెట్టెకు సాధారణంగా నాలుగు వైర్లు: సరఫరా, ఎర్త్, క్యాన్ హై, క్యాన్ లో. చివరి రెండూ కంప్యూటర్‌కు సందేశాలు మోసే జంట. కాబట్టి ముక్కు మీద మల్టీమీటర్ పెట్టి ఓమ్‌లు కొలిస్తే నీకేమీ తెలియదు. కొలవాల్సింది ఆ నాలుగు వైర్లను.

కోడ్‌లు చెరపక ముందే అన్నీ కాగితం మీద రాసుకో. ఏది ఇప్పుడు నడుస్తోంది, ఏది పాతది, ఎన్నిసార్లు వచ్చింది అన్నవి కూడా రాయి. 3226 పొగను శుద్ధి చేసే భాగం నుంచి పొగ బయటికి వెళ్లే వైపున్న నాక్స్ సెన్సర్‌ది. 3216 ఆ భాగంలోకి పొగ వచ్చే వైపుది. రెండూ ఒకేసారి మూగబోయి ఉంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, రిలే, ఎర్త్ లేదా క్యాన్ లైన్ చూడు. రెండు సెన్సర్లు ఒకే పూట చచ్చిపోవడం అరుదు. ఒక్కటే మూగబోతే దాని కనెక్టర్ నుంచి మొదలుపెట్టు.

కనెక్టర్ విప్పి, సరఫరా వైరుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలుస్తావు. 24 వచ్చిందని సంతోషించకు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 24 చూపిస్తుంది. ఈ సెన్సర్ లోపల హీటర్ ఉంది, అది గట్టిగా కరెంటు లాగుతుంది. అందుకని అక్కడ 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బు తగిలించి చూడు. బల్బు నిండుగా వెలిగితే సరఫరా, ఎర్త్ బాగున్నట్టు. మసకగా వెలిగితే నీ దొంగ వైరులోనే ఉన్నాడు. ఈ బల్బు పరీక్ష సరఫరా వైరు మీదే చెయ్యి. క్యాన్ వైర్ల మీద గానీ, 5 వోల్టుల సెన్సర్ వైర్ల మీద గానీ ఎప్పుడూ చెయ్యకు, ఈసీఎం కాలిపోవచ్చు. కొన్ని యంత్రాల్లో తాళం తిప్పగానే ఈ సరఫరా రాదు, అది ఎప్పుడు వస్తుందో ముందు మాన్యువల్‌లో చూసుకో.

తరువాత బ్యాటరీని విడదీసే స్విచ్ (ఐసొలేటర్) ఆపి, క్యాన్ హై, లో మధ్య ఓమ్‌లు కొలువు. రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ గానీ, మధ్యలో వైరు గానీ తెగినట్టు. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లు ఎక్కడో అంటుకున్నాయి. సైలెన్సర్ పక్కనుంచి పోయే చోట వైర్ల కట్టను (హార్నెస్‌ను) చేత్తో తడిమి చూడు, వేడికి తొడుగు కరిగి ఉండవచ్చు. వానాకాలంలో యంత్రం షెడ్డులో నిలిచి ఉంటే ఎలుకలు కొరికిన గుర్తులూ వెతుకు.

ఇన్ని చూసి నాలుగు వైర్లూ బాగున్నాయని తేలితేనే కొత్త సెన్సర్ పెట్టు. అప్పుడు నేనూ మార్చమనే చెబుతాను.

ఇలాంటి యంత్రాలు ఇకపై నీ దగ్గరికి ఎక్కువగా వస్తాయి. మన దేశంలో చక్రాల నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్‌లో స్టేజ్ 4, 2025 జనవరిలో స్టేజ్ 5 పొగ కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. స్టేజ్ 5లో మసి కణాల సంఖ్యకూ హద్దు పెట్టడంతో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ వడపోత తప్పనిసరి అయినట్టే. దానికి ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది, కోడ్ 3251. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే అది సున్నా చూపాలి. చూపకపోతే సెన్సర్‌ను లేదా దాని వైరింగ్‌ను అనుమానించు. సున్నా సరిగా ఉండి నడిచేటప్పుడు విలువ తేడాగా ఉంటే దాని రెండు గొట్టాలూ ఊడదీసి చూడు. మసి పూడుకుపోయి ఉండవచ్చు, పగిలి ఉండవచ్చు, ఎవరో తారుమారుగా తగిలించి ఉండవచ్చు.

పొగ వేడి కొలిచే సెన్సర్లకు తెల్లవారి పరీక్ష ఒక్కటి చాలు. రాత్రంతా ఆగిన యంత్రంలో అన్నీ బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగానే చూపాలి. ఒకటి విడిగా 90 చూపితే అదే తప్పు చెబుతోంది. ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు పడితే వాటి ఉమ్మడి 5 వోల్టుల సరఫరా చూడు. షార్టయిన ఒక్క సెన్సర్ మిగతా అన్నింటినీ పడగొడుతుంది. ఒక్కొక్కటే విప్పుతూ పో, 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తే అప్పుడు విప్పినదే కారణం.

ఇక 4364 వచ్చిందనుకో. ఎస్‌సీఆర్, అంటే యూరియా ద్రవం చల్లి పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే భాగం, పనితీరు తగ్గిందని దాని అర్థం. దీనికీ నాక్స్ సెన్సర్‌నే మార్చేస్తుంటారు, అది నిజం చెబుతున్నా సరే. ముందు డెఫ్ (ఆ యూరియా ద్రవం) ట్యాంకు మూత తీసి చూడు. ద్రవం గాఢత చూపే రిఫ్రాక్టోమీటర్‌లో యూరియా 32.5 శాతానికి దగ్గరగా రావాలి. ఎండల్లో 35 డిగ్రీలు దాటే షెడ్డులో నిలవ ఉంచిన డబ్బాలను నమ్మకు, ఆ వేడికి డెఫ్ త్వరగా పాడవుతుంది. పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపి అమ్మేవాళ్ల దగ్గర ఎంత చవకగా వచ్చినా కొననివ్వకు. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే ఆ యూరియాకంతటికీ వేప నూనె పూత ఉంటుంది. ఆ నూనె, మలినాలు ఇంజెక్టర్‌లోకి, క్యాటలిస్టులోకి చేరితే నష్టం సెన్సర్ ధరతో పోయేది కాదు. డెఫ్ బాగుంటే పొగ గొట్టం కీళ్ల దగ్గర మసి మరకలు, ఇంజెక్టర్ చుట్టూ తెల్లటి గడ్డలు చూడు.

ఆ గడ్డలకు డ్రైవర్ అలవాటు ఒకటి కారణమవుతుంది. ఇంజన్ ఆపిన వెంటనే ఐసొలేటర్ తిప్పేస్తారు. ఆపాక కూడా డెఫ్ పంపు కాసేపు తిరిగి, గొట్టాల్లోని ద్రవాన్ని ట్యాంకులోకి వెనక్కి లాగాలి. దాన్ని మధ్యలో ఆపితే మిగిలినది ఎండి గట్టిపడుతుంది. ఐసొలేటర్ పక్కన దీపం ఉంటే అది ఆరేదాకా, లేకపోతే మాన్యువల్ చెప్పినంతసేపు ఆగమని డ్రైవర్‌కు మర్యాదగా, గట్టిగా చెప్పు. ఎన్నో పంపులు ఈ ఒక్క మాటతో బతుకుతాయి.

సెన్సర్ బదులు అబద్ధపు విలువలు పంపే పెట్టె తగిలించమని ఎవరో ఒకరు నిన్ను అడుగుతారు. తగిలించకు. అది చట్టానికి విరుద్ధం. అంతకంటే ముందు, ఆ యంత్రం పక్కన కందకంలో నిలబడి పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల సంగతి ఆలోచించు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ పని చేయించుకునే గిరాకీ పోతే పోనీ.

నిజంగా మార్చాల్సి వస్తే, కొత్త సెన్సర్ మరలకు మాత్రమే గ్రీజు ఉండాలి, ముక్కుకు అంటకూడదు. కింద పడిన సెన్సర్ బిగించకు, లోపల పింగాణీ పగిలి ఉండవచ్చు. పెట్టెను పాత చోటే, వేడికి దూరంగా బిగించు. స్టార్ట్ చేయగానే విలువ రాలేదని కంగారు పడకు. పొగ గొట్టంలో తేమ పోయేంత వేడెక్కాకే అది కొలవడం మొదలుపెడుతుంది. బకెట్‌తో కాసేపు మట్టి తవ్వించి, లోడు మీద నడిపి, ఆ తరువాత చూడు.

అమ్మను అడిగానని చెప్పు. కొలతలు రాసి పంపు, రాత్రి ఎప్పుడైనా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
నీ మామయ్య