‘ఫారెన్‌హీట్ 9/11’ చూస్తూ మా నాయన అడిగిన ప్రశ్న

“యుద్ధం మీద తీసిన రాజకీయ డాక్యుమెంటరీ చూసి మీ ఆలోచన ఎప్పుడైనా మారిందా? మైకేల్ మూర్ ‘ఫారెన్‌హీట్ 9/11’ నిజమా, ఉత్త ప్రచారమా?” అని అడిగారు.

మారింది. అయితే సినిమా ఒక్కటే మార్చలేదు, నా పక్కన కూర్చుని దాన్ని చూసిన మా నాయన మార్చాడు. ఆ సాయంత్రం సంగతి చెప్తే మీ రెండో ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

మాది రాజంపేట దగ్గర పల్లె, అప్పటి కడప జిల్లా. మా వైపు ఏ ఇంట్లో చూసినా ఒకరు కువైట్‌లో ఉంటారు. నాయన 1986లో డ్రైవర్‌గా వెళ్లాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడే ఉన్నాడు. జోర్డాన్ మీదుగా ప్రాణాలతో బయటపడి ఇంటికొచ్చాడు. చేతిలో రూపాయి లేదు, అప్పు అలాగే ఉంది. 1992లో మళ్లీ అదే కువైట్‌కి వెళ్లాడు. 2003 మార్చిలో అమెరికా సేనలు కువైట్ నుంచే ఇరాక్‌లోకి పోయినప్పుడూ అక్కడే ఉన్నాడు. సైరన్ మోగిన రాత్రుల్లో గ్యాస్ మాస్క్ లేక, తడి తువ్వాలు మూతికి కట్టుకుని పడుకున్నాడట. 2004 చివర్లో అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) అయిపోయాక ఇక చాలనుకుని వచ్చేశాడు.

నేను అప్పుడు తిరుపతిలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో ఈ సినిమా సీడీలు గది గదికీ తిరిగేవి. ఆ ఏడాది మేలోనే ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ అనే అత్యున్నత బహుమతి గెలిచింది, అమెరికాలో ఒక డాక్యుమెంటరీ వంద మిలియన్ డాలర్లు దాటి వసూలు చేసిందని పేపర్లన్నీ రాశాయి. ఇరాక్ మీద యుద్ధానికి దిగిన అమెరికా అధ్యక్షుడు బుష్‌ని ఎన్నికల్లో ఓడించడానికే తీశానని మూర్ దాచుకోకుండా చెప్పాడు. నవంబర్‌లో బుష్ మళ్లీ గెలిచాడు. అయినా మా ఆవేశం తగ్గలేదు. 2005 సంక్రాంతి సెలవులకు ఆ రెండు సీడీలు బ్యాగులో పెట్టుకుని ఇంటికి వెళ్లాను. రెండు యుద్ధాలను పక్కనుంచి చూసిన మనిషికి ఇది చూపించాలని నాకు గట్టిగా ఉండింది.

కనుమ మరుసటి రోజు సాయంత్రం. నాయన కువైట్ నుంచి తెచ్చిన టీవీ, దాని కింద సీడీ ప్లేయర్. నాయన మంచం మీద, పక్కింటి మామ కుర్చీలో, నేను రిమోట్ పట్టుకుని కింద. ఆ మామ కూడా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి వచ్చినవాడే. కింద తెలుగు అక్షరాలు రావు కాబట్టి ప్రతి రెండు నిమిషాలకూ ఆపి నేను చెప్పాలి.

మొదట్లో అందరూ మాట్లాడుకునే సీన్ వచ్చింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల రోజు, ఫ్లోరిడాలో సారసోటా అనే ఊళ్లో ప్రైమరీ స్కూలు. న్యూయార్క్‌లో రెండో విమానం కూడా టవర్‌ని ఢీకొట్టిందని బుష్ చెవిలో చెప్తారు. ఆయన ఇంకా దాదాపు ఏడు నిమిషాలు పిల్లల మధ్యే కూర్చుని ఉంటాడు. హాస్టల్లో మేము ఈ సీన్‌కి ఈలలు వేసేవాళ్లం. నాయన మాత్రం, “ఏం చేయాల్నో తోచక కూర్చుండాడు. ఆయనా మనిషే గదా” అన్నాడు. నాకు చప్పగా అయిపోయింది.

తర్వాత బాగ్దాద్. యుద్ధానికి ముందు పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు, జనం నవ్వుతూ తిరుగుతుంటారు, వెంటనే బాంబులు. నాయన లేచి కూర్చున్నాడు. “ఆపు” అన్నాడు. “ఇంత సుఖంగా ఉంటే కువైట్ మీద ఎందుకు పడితిరి? ఆ సంగతి సూపీలేదే ఈయన?” ఆ తర్వాత అరగంట సినిమా నడవలేదు. ఇరాక్ సైనికులు షోరూముల్లో కార్లు తోలుకుపోవడం, ఆసుపత్రుల్లో సామాన్లు లారీల్లో ఎక్కించడం, చేతి గడియారాలు కూడా లాక్కోవడం ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. కువైట్ దినార్ చెల్లదని, ఇరాక్ దినారే వాడాలని హుకుం వేసిన రోజుకి నాయన దగ్గర నాలుగేళ్ల కష్టం ఉంది. అది ఆ ఒక్క మాటతో చిత్తు కాగితం అయిపోయింది. కువైట్ సరిహద్దులోని అబ్దలీ దాటి, సఫ్వాన్, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు దాకా బస్సులో నాలుగు రోజులు. షాలాన్ అనే చోట ఎడారిలో గుడారాలు. ఒక కుబూసు రొట్టె కోసం, బాటిల్ నీళ్ల కోసం పొద్దున్నుంచి లైను. రాత్రి పడుకోవాలంటే తేళ్ల భయం. అక్కడ పన్నెండు రోజులు ఉండి అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. ఆ రెండు నెలల్లో లక్షమందికి పైగా మనవాళ్లను అలా తెచ్చారు.

కాబట్టి మీరు అడిగిన దానికి జవాబులో సగం ఇది: ఆ గాలిపటాల దగ్గర మూర్ మోసం చేశాడు. సద్దాం పాలన ఎలాంటిదో ఒక్క నిమిషం చూపిస్తే తన వాదన బలహీనపడుతుందని భయపడ్డాడు. అక్కర్లేదు, పడేది కాదు. సద్దాం దుర్మార్గుడే, ఆ యుద్ధమూ దుర్మార్గమే. రెండూ ఒకే గదిలో కూర్చుని ఒప్పుకోగలిగిన మనిషిని నేను ఆ రోజు చూశాను, ఆయన చదివింది ఐదో తరగతి.

రెండో సీడీ వేశాను. మూర్ సొంత ఊరు మిచిగన్‌లోని ఫ్లింట్. కార్ల ఫ్యాక్టరీలు మూతపడి పనుల్లేక ఎండిపోయిన ఊరు. సైన్యంలో చేర్చుకునే ఇద్దరు మెరీన్లు షాపింగ్ మాల్ బయట కుర్రాళ్లను పట్టుకుంటుంటారు. డబ్బున్నవాళ్లు వచ్చే మాల్‌కి పోరు, పేదవాళ్లు వచ్చే మాల్‌కే పోతారు. పేరు, ఫోన్ నంబర్ రాసుకుంటారు, బాస్కెట్‌బాల్ ఆడతావా, పాటలు పాడతావా అని కబుర్లు చెప్తారు. నేను అనువాదం మొదలుపెట్టకముందే మామకి అర్థమైపోయింది. “మన బస్టాండు కాడ ఏజెంట్లు గదరా వీళ్లు” అన్నాడు. నిజమే. మా దగ్గర కూడా టీ ఇప్పించి, పాస్‌పోర్ట్ ఉందా అని మొదలుపెడతారు. సేటు మంచోడు, ఏసీ రూము అంటారు. ఆజాద్ వీసా, అంటే ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి, ఇంటిపనికి మాత్రమే పనికొచ్చే ఖాదిం వీసా చేతిలో పెడతారు.

ఇక అసలు విషయం. ఇరాక్‌లో ఒక అమెరికా సైనికుడు మూర్ కెమెరా ముందు కష్టం చెప్పుకుంటాడు: నాకు నెలకు రెండు మూడు వేల డాలర్లు వస్తాయి, ఇక్కడే సైన్యానికి పనులు చేసే హాలిబర్టన్ కంపెనీ బస్సు తోలేవాడికి ఎనిమిది నుంచి పది వేలు ఇస్తున్నారు, వాడు తోలేది రెండున్నర మైళ్లు అని. సినిమా ఉద్దేశం సైనికుడికి జరిగే అన్యాయం చెప్పడం. నేనూ అదే చెప్పాను.

నాయన నన్ను రెండుసార్లు అడిగాడు. “ఎంత అన్నాడు? బస్సు డ్రైవర్‌కా?” ఎనిమిది వేల డాలర్లు అన్నాను. వేళ్ల మీద లెక్క వేశాడు. ఆయన చివరి జీతం 90 దినార్లు, అప్పటి లెక్కలో మూడొందల డాలర్లు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెర మీద ఎడారి రోడ్డులో వరసగా పోతున్న లారీల వైపు చెయ్యి చూపించి, “సరే, ఆ బండ్లు ఎవురు తోలుతాండారు? వాళ్లను అడిగినాడా ఈయన?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నాయన దగ్గర ఉంది. కువైట్‌లో ఆయన రూములో ఉన్న ఇద్దరు ఆ లారీలు తోలారు. ఒకరు పంజాబ్ మనిషి, ఒకరు మా పక్క మండలం. కువైట్ నుంచి అమెరికా క్యాంపులకు నీళ్లు, తిండి, డీజిల్ తీసుకుపోయేవాళ్లు. ఒక్క ట్రిప్పుకి కొంచెం ఎక్కువ ఇస్తామంటే ఒప్పుకున్నారు. సైనికుల బండికి ఇనుప కవచం ఉంటుంది, వీళ్ల క్యాబిన్‌కి దేవుడి పటం ఉంటుంది. 2003 జూలైలో భారత ప్రభుత్వం ఇరాక్‌కి సైన్యాన్ని పంపం అని చెప్పింది, మంచి పని చేసింది, మనమంతా మెచ్చుకున్నాం. సైన్యం పోలేదు, కూలీలు పోయారు. 2004 జూలైలో ఒక కువైట్ కంపెనీ లారీ డ్రైవర్లను ఏడుగురిని ఎత్తుకుపోయాక ఆ సంగతి మన పేపర్లలో పెద్దగా వచ్చింది. ముగ్గురు మనవాళ్లు, ముగ్గురు కెన్యా వాళ్లు, ఒకరు ఈజిప్టు మనిషి. ఆరు వారాలకు, సెప్టెంబర్ 1న వదిలిపెట్టారు. దానికి ముందు రోజే వంటపనికి, క్లీనింగ్‌కి వెళ్లిన 12 మంది నేపాలీలను చంపేసినట్టు వీడియో బయటికొచ్చింది. ఈ ఎత్తుకుపోవడం, చంపడం సినిమా విడుదలయ్యాక జరిగినవే, అందుకు మూర్‌ని తప్పుపట్టను. కానీ లారీలు అంతకు ఏడాది ముందు నుంచే నడుస్తున్నాయి, ఆయన కెమెరాలోనే ఉన్నాయి.

యుద్ధం మీద నేను తర్వాత చాలా డాక్యుమెంటరీలు చూశాను. ప్రెసిడెంట్లు, జనరల్స్, సైనికులు, సైనికుల తల్లులు, బాంబులు పడిన ఊళ్ల వాళ్లు ఉంటారు. వంటవాడు, డ్రైవరు, టాయిలెట్లు కడిగేవాడు ఉండరు. వాళ్లు లేకుండా ఏ సైన్యమూ వారం రోజులు నిలబడదు. 1990 తరలింపు మీద 2016లో హిందీలో ఒక సినిమా వచ్చింది, అందులో కూడా హీరో కోటీశ్వరుడే. మన తెలుగువాళ్లు ఇన్ని లక్షలమంది గల్ఫ్ పోయి వస్తుంటే, వాళ్ల మీద ఓపికగా ఒక మంచి డాక్యుమెంటరీ తీద్దామన్న ఆలోచన మన నిర్మాతలకు ఎందుకు రాదో నాకు అర్థం కాదు. టీవీ చానెళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కడ యుద్ధం వచ్చినా స్టూడియోలో మంటల గ్రాఫిక్స్, సైరన్ మోత. నిజం సైరన్ విన్న ఇంట్లో ఆ మోత ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. నాయన చానెల్ మార్చడు, టీవీనే కట్టేస్తాడు.

ఇంకో మాట చెప్పాలి, ఇది ఏ సినిమాలోనూ రాదు. 1990లో నష్టపోయినవాళ్లకి జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కమిషన్ పరిహారం ఇచ్చింది. నాయనకి మొదట 2,500 డాలర్లు, తర్వాత 1,500 డాలర్లు వచ్చాయి. కాగితాలు పెట్టించిన మధ్యవర్తి అందులో తన వాటా ముందే కోసుకున్నాడు. ఆ డబ్బుతోనే మా ఇంటికి శ్లాబు పడింది. ఆ డబ్బు ఎక్కడిదో నాకు కాలేజీలో తెలిసింది. ఇరాక్ చమురు అమ్మకాల్లో నూటికి 30 వంతులు తీసి పరిహారానికి ఇచ్చేవాళ్లు. అదే సమయంలో ఆంక్షల వల్ల అక్కడి పిల్లలకు మందులు దొరకలేదు. నాయన కష్టం నాయనకి రావాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ మా శ్లాబు కింద పడుకుని నేను ఆ పిల్లల గురించి చాలా రాత్రులు ఆలోచించాను.

సినిమా చివరి భాగంలో ఫ్లింట్ ఊరి తల్లి ఒకామె ఉంది. పనుల్లేనివాళ్లకు సైన్యంలో చేరమని తనే సలహా ఇచ్చిన మనిషి. కొడుకు ఇరాక్‌లో హెలికాప్టర్ కూలి చనిపోయాడు. కుటుంబమంతా కూర్చుని ఉంటే, కొడుకు చివరి ఉత్తరం పైకి చదువుతుంది. మా అమ్మ అప్పటిదాకా వంటింట్లోనే ఉంది. ఆ గొంతు విని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. చేతికి పిండి అలాగే ఉంది. భాష తెలియదు, నేను చెప్పబోతే వద్దని చెయ్యి ఊపింది. 1990లో రెండున్నర నెలలు ఉత్తరం రాలేదు. రోజూ మధ్యాహ్నం పోస్టుమ్యాన్ వచ్చే దారిలో వేపచెట్టు కింద నిలబడేది, నన్ను చంకనేసుకుని. ఉత్తరం అయిపోయేదాకా అలాగే నిలబడి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం పెట్టేటప్పుడు కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే ఆ సినిమా ఉత్త ప్రచారం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ తల్లి ప్రచారం కాదు. బాగ్దాద్‌లో గాలిపటాలు అబద్ధం కాకపోయినా సగం నిజం. డ్రైవర్లు లేకపోవడం పెద్ద లోటు. మూడూ ఒకే సినిమాలో ఉన్నాయి, చూడండి. చూడకుండా మాత్రం వాదించకండి.

ఆ రాత్రి భోజనాలయ్యాక నాయన పాత ట్రంకుపెట్టె తెరిచాడు. అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరులోంచి ఒక నోటు తీసి నా చేతిలో పెట్టాడు. 25 ఇరాక్ దినార్లు, మీద గుర్రాల బొమ్మ, మడతల దగ్గర చిరిగి ఉంది. 1990 సెప్టెంబర్‌లో సేటు ఇచ్చిన చివరి జీతంలో మిగిలింది. ఆ నోటును ఇరాక్‌లోనే 1993లో రద్దు చేశారు.

“యాడ మార్చుకోవాల్నో ఆ సినిమా తీసినాయన్ని అడుగు” అన్నాడు.

నోటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.