ఆర్జేలు పాప్ జంట అవుతారట!

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఒక ఎఫ్ఎంలో ఆర్జే. పొద్దుటి షోలో తనతో పాటు మాట్లాడే అబ్బాయితో కలిసి పాప్ పాటలు చేస్తానంటోంది. ఇద్దరూ సంగీతం నేర్చుకోలేదు. పైగా ఉద్యోగం మానేస్తామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. రేడియోలో మాట్లాడేవాళ్లు పాటల జంటగా మారడం ఎక్కడైనా ఉందా అండీ?
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందమ్మా. లండన్ క్యాపిటల్ రేడియోలో పాట్ షార్ప్, మిక్ బ్రౌన్ అని ఇద్దరు డీజేలు. 'పాట్ అండ్ మిక్' పేరుతో 1988లో 'లెట్స్ ఆల్ చాంట్' పాడితే బ్రిటన్ చార్టులో 11వ స్థానం దాకా వెళ్లింది. మరుసటి ఏడాది 'ఐ హావెంట్ స్టాప్డ్ డాన్సింగ్ యెట్' 9వ స్థానం. వాళ్లేమీ బాలమురళీకృష్ణలు కారు. రెండూ అంతకు పదేళ్ల కిందటే జనం నోళ్లలో నానిన డిస్కో పాటలు. చేసిపెట్టింది స్టాక్, ఐట్కెన్, వాటర్‌మన్, ఆ రోజుల్లో హిట్లు వండి వార్చిన ముగ్గురు. డబ్బు పిల్లల కోసం క్యాపిటల్ వాళ్లు నడిపే సహాయ నిధికి వెళ్లింది. పాట కోసం ఇద్దరూ రేడియో మైకు మాత్రం వదల్లేదు. మీ అమ్మాయికి ఈ ముక్క గట్టిగా చెప్పండి.

నేను విజయవాడ పున్నమ్మతోటలో ఆకాశవాణి అనౌన్సర్‌గా చేశాను. వోలేటి గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు పాడిన స్టేషన్ కదా, ఆ గాలికి మాకూ పాట వచ్చేసిందనుకున్నాం. గాంధీనగర్‌లో ఒక సభలో నేనూ, తోటి అనౌన్సరూ యుగళగీతం ఎత్తుకున్నాం. పల్లవి బాగానే నడిచింది. చరణంలో పై స్థాయి నాకు అందలేదు. మైకుకి దగ్గరగా మెల్లగా మాట్లాడే అలవాటున్న గొంతు మరి. ఆయన తాళం తప్పి ముందుకెళ్లిపోయాడు. ఎవరి వెంట వెళ్లాలో తెలియక తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు వరుసలో మా అత్తగారు!

ఇంకో సంగతి. వాళ్ల అగ్రిమెంటు తీసి చదవమనండి. వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసినదానికి మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు యజమానిదే. డ్యూటీ టైమ్‌లో, స్టేషన్ స్టూడియోలో రికార్డు చేస్తే రేపు పేచీ. సొంత డబ్బుతో బయట చేసుకోమనండి. పాత సినిమా పాట తీసుకుంటే హక్కులున్నవాళ్ల అనుమతో, చట్టప్రకారం లైసెన్సో ముందే కావాలి. "మా గొంతుతోనే పాడాం కదా" అంటే చెల్లదు, ట్యూనూ సాహిత్యమూ వేరేవాళ్లవి.

పొద్దుటి షో అయ్యాక మధ్యాహ్నాలు ఖాళీయేగా. మన ఘంటసాల సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లెవరి దగ్గరైనా ఆరు నెలలు సరళీ స్వరాలు సాధన చేయమనండి. ఆ అబ్బాయిని కూడా తీసుకెళ్లమనండి, ముందు తాళం వేయడం వచ్చో రాదో తేలుతుంది. అతని గురించి మీరు అడగాలనుకుని అడగని ప్రశ్నకి మాత్రం నేను జవాబు చెప్పనమ్మా.