ఇండియన్ ఓషన్ బ్యాండ్ 2010లో తన ఆల్బమ్‌ని ఊరికే ఎందుకు ఇచ్చేసింది?

వాళ్ల ఆదాయం ఎప్పుడూ క్యాసెట్ల నుంచి కాదు, స్టేజీ మీద నుంచే వచ్చేది. అందుకే పాటలు ఉచితంగా ఇచ్చినా పెద్దగా పోయేదేమీ లేదు, పైగా మ్యూజిక్ కంపెనీల షరతుల గొడవ ఉండదు.

1990లో ఢిల్లీలో గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. తర్వాత బేస్ గిటార్‌తో రాహుల్ రామ్, డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ చేరారు. రాహుల్ నర్మదా నదిపై పెద్ద ఆనకట్టలను వ్యతిరేకించిన నర్మదా ఉద్యమంలో పనిచేసినవాడు. 'మా రేవా' లాంటి నర్మదా తీరపు జానపదం బ్యాండ్‌లోకి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. 2000లో వచ్చిన 'కందిసా' ఆల్బమ్ వాళ్లకి పెద్ద పేరు తెచ్చింది. ఆ టైటిల్ పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన. రాక్ బ్యాండ్ ఆ పని చేయడం నాకిప్పటికీ అబ్బురమే!

2009 డిసెంబర్‌లో అషీమ్ చనిపోయారు. 2010 ఆల్బమ్‌లో వినిపించేది ముందే రికార్డయిన ఆయన గొంతు. నెలకో పాట చొప్పున నెట్‌లో పెట్టారు. ఆ ఆల్బమ్ పేరు '16/330 ఖజూర్ రోడ్', అంటే ఢిల్లీ కరోల్ బాగ్‌లో వాళ్లు రిహార్సల్ చేసిన పాత ఇంటి చిరునామా. 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నాక, కొత్త సభ్యులతో 2014లో 'తందాను' ఆల్బమ్ తెచ్చారు.