ఫిబ్రవరిలో నమీబియా (ఆఫ్రికా)లోని ఎటోషా జాతీయ పార్కులో మూడు రోజులు తిరిగినా జంతువులు కనిపించలేదన్న ప్రశ్నకు

మీరు వెళ్లిన నెలే అసలు కారణం. ఫిబ్రవరి అంటే నమీబియాలో వానాకాలం. పల్లం ఉన్న ప్రతిచోటా నీళ్లు నిలుస్తాయి, ఇక ఏనుగులు నీటిగుంటలకు రావడమెందుకు? పైగా గడ్డి పెరిగి, దారి పక్కన పడుకున్న సింహం కూడా కంటపడదు.

ఈసారి ఇలా చేయండి:

1. జూన్ - అక్టోబర్ మధ్య వెళ్లండి. నా ఓటు సెప్టెంబరుకు. అక్టోబరులో ఎండ మాడ్చేస్తుంది.

2. తిరగడం తగ్గించండి. అందరూ చేసే పొరపాటు ఇదే. నీటిగుంట దగ్గర పది నిమిషాలు ఆగి, ఏమీ లేదని కదిలిపోతారు. ఇంజను ఆపి కనీసం రెండు గంటలు కూర్చోండి. జిరాఫీని గమనించండి: తాగాలంటే కాళ్లు బాగా ఎడంగా చాపి వంగాలి, అప్పుడు పారిపోవడం కష్టం. అందుకే చాలాసేపు దూరంగా నిలబడి తటపటాయిస్తుంది. జిరాఫీలన్నీ కదలకుండా ఒకే వైపు చూస్తున్నాయంటే మీరూ అటే చూడండి, సింహం ఉండే అవకాశం ఎక్కువ.

3. పార్కు గేటు బయట బస చేశామన్నారు. అలాగైతే సూర్యాస్తమయానికల్లా పార్కు వదిలి రావాలి, రాత్రి దృశ్యం పోయినట్టే. లోపలి ఒకౌకువేయో, హలాలి శిబిరాల్లో నీటిగుంటలకు దీపాలుంటాయి. చీకటి పడ్డాక నల్ల ఖడ్గమృగాలు అక్కడికే వస్తాయి. గదులు చాలా ముందుగా బుక్ చేసుకోండి.

4. జూన్, జూలై రాత్రులు వణికిస్తాయి. మందపాటి కోటు మరవకండి.