జాబులు – జవాబులు: స్పానిష్ మాట్లాడే నేలల గురించి

ప్రశ్న: స్పానిష్ నేర్చుకోవాలని ఉంది. భాషతో పాటు ఆ ప్రజల సంస్కృతి కూడా తెలుసుకోవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ దేశాలన్నింటిదీ ఒకే సంస్కృతేనా?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: కాదు. స్పానిష్ అధికార భాషగా ఉన్న 20 దేశాల్లో ఒకటి ఐరోపాలో, ఒకటి ఆఫ్రికాలో, మిగిలిన 18 అమెరికా ఖండాల్లో ఉన్నాయి. స్పెయిన్‌లోనే కాటలాన్, బాస్క్, గలీసియన్ భాషలు మాట్లాడే ప్రాంతాలున్నాయి. పరాగ్వే 1992 నాటి రాజ్యాంగం స్పానిష్‌తో సమానంగా గ్వారనీకి అధికార భాష హోదా ఇచ్చింది. పెరూ, బొలీవియా కొండల్లో కెచువా, ఐమరా భాషలు నేటికీ ఇంటి భాషలే. అందువల్ల అన్నీ ఒకేసారి చదవబోతే ఏదీ చేతికి అందదు. ఒక దేశాన్ని, వీలైతే ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, మీకు ముందే తెలిసిన వస్తువు వెంట అక్కడికి వెళ్లడం మేలని నా నమ్మకం. కొబ్బరి బాగా తెలిసిన కోనసీమ అమ్మాయికి నేను చూపే ప్రాంతం ఈక్వడార్ ఉత్తర తీరంలోని ఎస్మెరాల్దాస్. అక్కడివారిలో చాలామంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి సంతతి. చేపలనూ రొయ్యలనూ కొబ్బరిపాలలో ఉడికించే ‘ఎన్‌కొకాదో’ వారి ముఖ్యమైన వంట. చెక్క పలకలను వరుసగా పేర్చి కర్రలతో వాయించే మరింబా వారి వాద్యం. ఆ సంగీతాన్ని పొరుగున ఉన్న కొలంబియా పసిఫిక్ తీరపు సంప్రదాయంతో కలిపి 2015లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక భాష మాటకొస్తే, హైదరాబాదులోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో స్పానిష్ బోధన ఉంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది.

ప్రశ్న: దాళ్వాలో (రబీ వరిసాగులో) వంతులవారీగా నీరిచ్చినప్పుడు మా శివారు భూములకు అందక తగవులు వస్తుంటాయి. స్పెయిన్‌లో రైతులే తీర్పు చెప్పే నీటి న్యాయస్థానం ఉందని విన్నాను. నిజమేనా? అక్కడ వరి పండుతుందా?
— రైతు, ఆకివీడు

జవాబు: నిజమేనండి, వరి కూడా పండుతుంది. స్పెయిన్ తూర్పు తీరంలోని వలెన్సియా నగరంలో ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు, పెద్ద చర్చి ద్వారం ముందు ఆ న్యాయస్థానం ఆరుబయట కూర్చుంటుంది. తూరియా నదినుంచి చీలిన 8 కాలువల రైతులు తమలోంచి కాలువకు ఒకరి చొప్పున ఎన్నుకున్నవారే న్యాయమూర్తులు, వారు స్వయంగా సాగుచేసుకునే వారై ఉండాలి. నల్లని అంగీలు ధరించి అర్ధచంద్రాకారంగా కూర్చుంటారు. ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, ఆ కాలువపై ఫిర్యాదులున్నాయేమో భటుడు అడుగుతాడు. వంతు రాకుండానే తూము ఎత్తినవాడు, తన వాటా కాలువలో పూడిక తీయనివాడు, పక్కవాడి పొలాన్ని ముంచినవాడు అక్కడికి వచ్చి నిలబడాలి. వకీళ్లు ఉండరు, కాగితాలు ఉండవు, వాదన అంతా నోటిమాటే. తీర్పు అక్కడికక్కడే చెబుతారు, దానిపై అప్పీలు లేదు. నిందితుడిది ఏ కాలువో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ నియమమే, ఎందుకంటే తగవు తీర్చేవాడికి ఆ నీటిలో స్వార్థం ఉండకూడదన్న ఎరుక అందులో ఉంది.

నీటి పంపకంలోనూ ఒక వివేకం ఉంది. ఒక్కొక్క కాలువకు ఇన్ని ఘనపుటడుగులని కాక, నదిలో ఉన్న ప్రవాహంలో ఇంత భాగమని వాటా కట్టారు. నది తగ్గితే అందరి నీరూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఈ పద్ధతి మూలాలు అరబ్బుల పాలనాకాలంలో ఉన్నాయని చెబుతారు. 1238లో ఆ నగరాన్ని జయించిన మొదటి జైమే రాజు పాత నీటి ఆచారాలను తీసివేయకుండా కొనసాగనిచ్చాడు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. చాలా గురువారాల్లో ఫిర్యాదే ఉండదు, సభ కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. చూడవచ్చిన పర్యాటకులు నిరాశపడవచ్చు గాని, తగవు ముదరకముందే కాలువగట్టు మీద రాజీ కుదిరిందనడానికి అదే గుర్తు.

అయితే ఈ న్యాయస్థానం పరిధిలోవి ప్రధానంగా కూరగాయల, పండ్లతోటల భూములు. వరిచేలు నగరానికి దక్షిణాన, మన కొల్లేరును తలపించే అల్బుఫెరా అనే మంచినీటి సరస్సు చుట్టూ ఉన్నాయి. అక్కడి పొట్టి గింజ బియ్యంతోనే ‘పాయెయా’ వండుతారు. అసలైన వలెన్సియా పాయెయాలో కుందేలు మాంసం, కోడి మాంసం, చిక్కుళ్లు, కుంకుమపువ్వు ఉంటాయి. రొయ్యలూ ఆల్చిప్పలూ వేసేది వేరొక రకం. వెడల్పాటి లోతులేని పెనంలో కట్టెల మంట మీద కలపకుండా ఉడకనిస్తారు. అడుగున పట్టిన మాడుచెక్క కోసం ఇంటిల్లిపాదీ పోటీపడతారు.

ప్రశ్న: మెక్సికోలో చనిపోయినవారి పండుగకు బంతిపూలు వాడతారట. అది మన మహాలయ పక్షం లాంటిదేనా?
— నర్సరీ నిర్వాహకురాలు, కడియం

జవాబు: మీ మళ్లల్లో పెరిగే ముద్దబంతికి పుట్టిల్లు మెక్సికోయే. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడ ఇంటింటా ఒక వేదిక అమర్చి, దానిపై పోయినవారి ఫొటోలు, మంచినీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, వారికి ఇష్టమైన వంటకాలు పెడతారు. ఆ వాసనకు, రంగుకు ఆత్మలు దారి తెలుసుకుంటాయని వీధి గుమ్మం నుంచి వేదిక దాకా బంతి రేకులు పరుస్తారు. మొదటి రోజు పసిపిల్లలుగా పోయినవారి కోసం, రెండో రోజు పెద్దల కోసం. స్పెయిన్‌వారు రాకముందున్న ఆచారాలూ క్రైస్తవ పండుగలూ కలిసి ఏర్పడిన సంప్రదాయం ఇది.

పితృదేవతలను తలుచుకోవడం రెండు చోట్లా ఉన్నా, వెంటనే రెండూ ఒకటేనని చెప్పడానికి నేను ఒప్పుకోను. మన శ్రాద్ధం శాస్త్రోక్తంగా కర్త చేతుల మీదుగా జరిగేది. అక్కడ పిల్లలతో సహా కుటుంబమంతా సమాధుల దగ్గర కూర్చుని తింటారు, పాడతారు, వెళ్లినవాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటారు. పొరుగునున్న గ్వాటెమాలాలో ఇదే సమయానికి శ్మశానాల దగ్గర కాగితంతో చేసిన బ్రహ్మాండమైన గాలిపటాలు నిలబెడతారు. పండుగ రోజు ఒకటే, ఆచరణ మాత్రం దేశానికొక తీరు.

ప్రశ్న: మేము సాగుచేసే వనామీ రొయ్యకు ఈక్వడార్ నుంచి పోటీ ఎక్కువని వ్యాపారులంటారు. అక్కడివారు ఆ రొయ్యను ఎలా తింటారు?
— ఆక్వా రైతు, భీమవరం దగ్గరి గ్రామం

జవాబు: వనామీ మనకు 2009లో అనుమతి పొందిన వలస జీవి, దాని సొంత సముద్రం మెక్సికో నుంచి పెరూ ఉత్తర తీరం దాకా ఉన్న పసిఫిక్. ఈక్వడార్‌లో ఉడికించిన రొయ్యలను నిమ్మరసం, ఉల్లి, టమాటా కలిపిన పులుసులో వేసి ‘సెవిచే’ చేస్తారు, పక్కన వేయించిన మొక్కజొన్న గాని అరటికాయ చిప్స్ గాని ఉంటాయి. పెరూలో అదే పేరుతో వడ్డించేది నిమ్మరసంలో నానిన పచ్చి చేప ముక్కలు, తోడుగా చిలగడదుంప. ఆ పెరూ సెవిచేను 2023లో యునెస్కో గుర్తించింది. తమదే సరైన సెవిచే అని ఇరు దేశాలవారూ గట్టిగా వాదిస్తారు. మీ ఇంట్లో చేసి చూడాలంటే ఈక్వడార్ పద్ధతే సులభం, రొయ్యలు ఉడికించిన నీటిని పారబోయకుండా పులుసులో కలపాలి.