శాట్ రేంజ్ అంటే లాస్ట్ ర్యాంక్ కాదు

ప్రశ్న: కిందటేడు హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ వచ్చాం. మా అమ్మాయి పదకొండో తరగతి. ఇక్కడ కాలేజీ అడ్మిషన్‌కి రాసే శాట్ పరీక్షలో 1600కి 1480 వచ్చింది. తనకి నచ్చిన యూనివర్సిటీ రేంజ్ చూస్తే 1510–1560 అని ఉంది. ఆశ వదులుకోవాలా, మళ్ళీ రాయించాలా?

ఆశ వదులుకోకండి. ఆ రెండు అంకెల్ని మనం ఎంసెట్ లాస్ట్ ర్యాంకులా చదువుతాం. కౌన్సెలింగ్‌లో ఆ ర్యాంకు దాటితే సీటు లేదు, అంతే. ఇక్కడ 1510–1560 అంటే చేరిన పిల్లల్లో సగం మంది ఆ మధ్యలో ఉన్నారని. ఒక పావు వంతు 1510 కన్నా కిందే ఉన్నారు. మీ అమ్మాయి లాంటి స్కోర్లతో చేరినవాళ్ళు వాళ్ళే.

ఆ స్కోర్లు ఎవరివో కూడా చూడాలి. 2020లో కోవిడ్ వచ్చాక చాలా కాలేజీలు స్కోరు పంపడం మీ ఇష్టం అన్నాయి. తక్కువ వచ్చినవాళ్ళు పంపడం మానేశారు, పంపినవాళ్ళ రేంజ్ పైకి పోయింది. ఎంఐటీ 2022లోనే మళ్ళీ తప్పనిసరి చేసింది. డార్ట్‌మత్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో అదే నిర్ణయం ప్రకటించాయి. అందరూ పంపే చోటి రేంజ్‌ని, ఇష్టమైనవాళ్ళే పంపే చోటి రేంజ్‌ని పక్కపక్కన పెట్టి ఏది కష్టమో తేల్చలేం. బర్క్‌లీ, యూసీఎల్ఏలైతే అడ్మిషన్‌కి స్కోరు చూడనే చూడవు.

చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక ఫారం బయటపెడతాయి. అందులో సీ9 అనే భాగం తెరవండి. ఎంత శాతం మంది స్కోరు ఇచ్చారో, మ్యాథ్ ఎంత, రీడింగ్ ఎంత అన్నీ విడివిడిగా ఉంటాయి. అవి సీటొచ్చిన అందరివీ కావు, వచ్చి చేరినవాళ్ళవి. సీ7లో ఆ కాలేజీ దేనికి ఎంత విలువిస్తుందో ఉంటుంది. మా ఇంట్లో సీ7 నేను చాలా ఆలస్యంగా చూశాను.

2017లో మా అబ్బాయికి 1490 వచ్చింది. నేను వాడు కోరుకున్న కాలేజీ మ్యాథ్ రేంజ్‌లో పై అంకె, రీడింగ్ రేంజ్‌లో పై అంకె కూడి 1580 అని కాగితం మీద రాసి, ఫ్రిజ్‌కి వెంకన్న మ్యాగ్నెట్‌తో అంటించాను. అలా కూడకూడదని అప్పుడు తెలీదు. మ్యాథ్‌లో పై పావు వంతులో ఉన్న పిల్లలు, రీడింగ్‌లో పై పావు వంతులో ఉన్నవాళ్ళు ఒక్కరే కారు. కూడితే వచ్చే అంకె నిజమైన టోటల్ రేంజ్‌ని దాటిపోతుంది. లేని గీత కోసం వాడిచేత నాలుగుసార్లు రాయించాను. మూడోసారి 1530, నాలుగోసారి 1520. ఆ వేసవి వాడు గ్యారేజీలో సగం బిగించిన రోబో అట్టపెట్టెలోనే ఉండిపోయింది. ఆ పెట్టె చూస్తే ఇప్పటికీ నాకు బాధే.

మీ అమ్మాయి ఇంట్లో రాసే ప్రాక్టీస్ టెస్టుల్లో 1520 దాటుతుంటే ఆగస్టులో ఇంకొక్కసారి రాయించండి. చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి మ్యాథ్, మంచి రీడింగ్ తీసుకుని కలుపుకుంటాయి కాబట్టి తక్కువున్న సెక్షన్ ఒక్కటే చదివినా చాలు. ఇంజినీరింగ్ అనుకుంటుంటే మొత్తం 1480 పక్కన పెట్టి ముందు మ్యాథ్ ఎంతో చూడండి. అది 800కి 780 పైన ఉంటే నేనైతే మళ్ళీ రాయించను.