ల్యాండింగ్ లైట్లు: సొంతంగా విమానం కట్టుకునేవారి సందేహాలు

అమెరికాలో సొంతంగా విమానం కట్టుకుంటున్న పాఠకులు ల్యాండింగ్ లైట్ల గురించి, అంటే రాత్రి దిగేటప్పుడు రన్‌వేని చూపించే దీపాల గురించి రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: గ్యారేజీలో ఆర్‌వీ-7ఏ అనే చిన్న కిట్ విమానం కడుతున్నాను. రెక్కల కింది రేకు ఇంకా బిగించలేదు. రాత్రిపూట కూడా ఎగరాలని ఉంది. ల్యాండింగ్ లైటు తప్పనిసరా? పెడితే ఏ రకం మంచిది?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తప్పనిసరి కాదు. సొంతంగా కట్టిన విమానానికి ఇచ్చే ఆపరేటింగ్ లిమిటేషన్లలో (ఎగిరే షరతుల పత్రంలో), రాత్రి ఎగరాలంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధన 91.205లో చెప్పిన సామగ్రి ఉండాలని రాస్తారు. అందులో పొజిషన్ లైట్లు (రెక్కల కొసల్లో, తోకలో ఉండే రంగు దీపాలు), యాంటీ కొలిజన్ లైటు (ఇతర విమానాలకు కనిపించేలా మెరిసే దీపం) ఉన్నాయి. ల్యాండింగ్ లైటు మాత్రం కిరాయికి తిరిగే విమానాలకే అడిగారు. అయినా పెట్టుకోండి. చిన్న ఊళ్ల రన్‌వేల మీదికి రాత్రిళ్లు జింకలు వస్తుంటాయి. రన్‌వే అంచు దీపాలు వాటిని చూపించవు. ఏ లైటు కొనాలో తేలకపోయినా సరే, కింది రేకు బిగించేలోపే రెండు రెక్కల్లోనూ వైర్లు లాగేయండి.

రకాల సంగతి. పాత విమానాల్లో కనిపించే 4509 సీల్డ్ బల్బు 13 వోల్టుల దగ్గర 100 వాట్లు తీసుకుంటుంది. దాని ఆయుష్షు లెక్క 25 గంటలే. ఆపైన ఇంజిన్ అదురుకు ఫిలమెంటు తెగుతుంది. 55 వాట్ల హాలోజెన్ చవక, ఏ ఆటో విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది, కానీ కాంతి తక్కువ. హెచ్‌ఐడీ (ఫిలమెంటు లేకుండా వాయువులో మెరుపుతో వెలిగే బల్బు) బాగా వెలుగుతుంది గానీ పూర్తి కాంతికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మాటిమాటికీ వేసి ఆపితే త్వరగా పాడవుతుంది. ఇప్పుడు కొత్తగా కట్టేవారు ఎల్‌ఈడీ తప్ప వేరేది ఆలోచించనక్కర్లేదని మా అభిప్రాయం.

కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే ల్యూమెన్ల అంకె చూసి మోసపోకండి. అది అన్ని దిక్కులకూ పోయే మొత్తం కాంతి. దూరాన రన్‌వేని చూపించేది క్యాండెలా, అంటే ఒక దిక్కున ఉండే తీవ్రత. ఒక రెక్కలో 10–12 డిగ్రీల సన్నని కాంతిపుంజం ఇచ్చే లైటు దిగడానికి, రెండో రెక్కలో 30–40 డిగ్రీల వెడల్పుది ట్యాక్సీకి (నేల మీద నడపడానికి) పెట్టుకుంటే బాగుంటుంది. ఎల్‌ఈడీ వెనక వేడి పోవడానికి ఉండే లోహపు దిమ్మ (హీట్‌సింక్) పాత బల్బుకంటే పొడవుంటుంది. అట్టతో అదే కొలతకు నమూనా చేసి లోపల పడుతుందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: రెక్క ముందంచులో ఎక్కడ కోయాలి? నా స్నేహితుడి విమానంలో లెన్సు ఏడాదిలోపే స్క్రూల దగ్గర పగిలింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఆస్టిన్

జవాబు: ఆర్‌వీల్లో ముందంచు లోపలి భాగమంతా పెట్రోలు ట్యాంకే. కాబట్టి ట్యాంకు దాటాక బయటి భాగంలో, రెండు రిబ్బుల (రెక్క ఆకారాన్ని నిలిపే లోపలి అడ్డపట్టీల) మధ్య ఖాళీలోనే కోయాలి. ఎడమ రెక్కలో పిటో గొట్టం (గాలి వేగం కొలిచేది), స్టాల్ వార్నింగ్ రేకు (వేగం మరీ తగ్గితే హెచ్చరించేది) ఎక్కడొస్తాయో ప్లాన్లలో చూశాకే గీత గీయండి. రెక్క కొసలో పెడితే రేకు కోసే పని తప్పుతుంది. కానీ చాలామంది మాగ్నెటోమీటరు (దిక్కు చెప్పే అయస్కాంత సెన్సరు), నావిగేషన్ యాంటెన్నా పెట్టేది ఆ కొసల్లోనే. ఆ పక్కనే లైటు పెడితే దిక్సూచి తప్పుతుంది, రేడియో గీపెడుతుంది.

కోసే రంధ్రం మూలలు కనీసం అర అంగుళం వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. ముందు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, ఆ తర్వాత వాటిని కలుపుతూ కోయండి. అంచును ఆకురాయితో, సన్న ఎమరీ కాగితంతో గీత లేకుండా నునుపు చేయండి. పదునైన మూల ఒక్కటున్నా రేకు పగులు అక్కడే మొదలవుతుంది.

లెన్సు పగలడానికి సాధారణంగా కారణాలు మూడు. ఆక్రిలిక్ వేడికి అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. రంధ్రం స్క్రూకు సరిపడా బిగుతుగా ఉంటే ఎండకు సాగిన లెన్సుకు చోటు చాలదు. స్క్రూ కంటే 1/32 అంగుళం పెద్ద రంధ్రం వేయండి. రెండోది డ్రిల్ బిట్. లోహానికి వాడే బిట్ ఆక్రిలిక్‌ను పట్టి లాగి, కంటికి కనిపించని చీలికలు మిగిలిస్తుంది. ప్లాస్టిక్‌కు పదునుపెట్టిన బిట్‌తో, వెనక చెక్క ఆన్చి, నెమ్మదిగా వేయాలి. మూడోది చాలామందికి తట్టనిది: స్క్రూ వదులు కాకుండా పూసే థ్రెడ్‌లాకర్. అది తగిలితే ఆక్రిలిక్ దానంతటదే నెర్రెలు విచ్చుతుంది. ఇక్కడ పూయనే వద్దు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరూ అంతే. పాలీకార్బొనేటు గట్టిదే గానీ పెట్రోలు పడితే పాడవుతుంది. ట్యాంకుకు దగ్గరగా ఉండే లెన్సుకు అది సరైన ఎంపిక కాదు.

ప్రశ్న: వైరు ఎంత లావుండాలి? నా దగ్గరున్న స్విచ్ మీద 10 ఆంపియర్లు అని ఉంది. చాలుతుందా?
– ఒక పాఠకురాలు, శాన్ హోసే

జవాబు: మీ లైటు ఏదో రాయలేదు కాబట్టి రెండు లెక్కలూ చెబుతాం. 14 వోల్టుల వ్యవస్థలో ఎడతెగక నడిచే లోడుకు వైరులో అర వోల్టుకు మించి పడకూడదని ఎఫ్‌ఏఏ మార్గదర్శకం ఏసీ 43.13-1బీ చెబుతుంది. ప్యానెల్ నుంచి లైటుకు 20 అడుగులు, తిరుగు దారి విమానపు లోహపు ఒళ్లే అనుకుందాం. 100 వాట్ల బల్బుకు 7.7 ఆంపియర్లు. గేజి అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 16 గేజి వైరుకు వెయ్యి అడుగులకు 4.81 ఓమ్‌లు, అంటే 0.74 వోల్టులు పోతాయి. ఫిలమెంటు బల్బుకు ఆమాత్రం తగ్గితే కాంతిలో దాదాపు అయిదో వంతు పోయినట్టే. 14 గేజి వేస్తే 0.47 వోల్టులు, సరిపోతుంది. 3 ఆంపియర్ల ఎల్‌ఈడీకైతే 18 గేజి చాలు, 0.37 వోల్టులే పోతాయి. ఫైబర్‌గ్లాస్ విమానమైతే తిరుగు దారికీ వైరే వేయాలి కనుక పొడవు రెట్టింపవుతుంది. అప్పుడు ఆ ఎల్‌ఈడీకి కూడా 14 గేజి వేయండి.

ఎల్‌ఈడీ విషయంలో ఒక జాగ్రత్త. దానిలోని డ్రైవరు వోల్టేజి తగ్గితే కరెంటు పెంచుకుని కాంతిని అలాగే నిలుపుతుంది. కాబట్టి కనెక్టరు వదులైనా లైటు మసకబారదు, ఆ అతుకే వేడెక్కుతుంది. ఏటా తనిఖీ చేసేటప్పుడు లైటు కాసేపు వెలిగించి, ఆపాక అతుకులను చేత్తో తాకి చూడండి.

స్విచ్ సంగతికొస్తే, చల్లగా ఉన్న ఫిలమెంటు తొలి క్షణంలో మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. అందుకే ఆ మార్గదర్శకం 12 వోల్టుల బల్బులకు 5 రెట్ల స్విచ్ అడుగుతుంది. 7.7 ఆంపియర్లకు 38.5 అవుతుంది. మీ స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోతాయి, మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే విద్యుత్ మీట) పెట్టాలి. 3 ఆంపియర్ల ఎల్‌ఈడీకి మీ స్విచ్ చాలు. బ్రేకరు (కరెంటు ఎక్కువైతే దానంతటదే తెగే రక్షణ స్విచ్) కాపాడేది లైటును కాదు, వైరును. 18 గేజి వైరు మీద 10 ఆంపియర్లకు మించిన బ్రేకరు పెట్టకండి. ఈ ఎల్‌ఈడీకి 5 ఆంపియర్లది సరిపోతుంది.

ప్రశ్న: ఎల్‌ఈడీ వేయగానే రేడియోలో బుస్సుమని చప్పుడు. ఎలా పోతుంది?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: ముందు దారి కనుక్కోండి. చప్పుడు వస్తుండగా రేడియో వెనక యాంటెన్నా కేబులు ఊడదీయండి. చప్పుడు ఆగితే అది గాలిలో వచ్చి యాంటెన్నాలో పడుతోంది. ఆగకపోతే కరెంటు వైర్లలోంచి వస్తోంది. ఆ పరీక్ష చేసేటప్పుడు ట్రాన్స్‌మిట్ మీట మాత్రం నొక్కొద్దు.

ఎక్కువసార్లు మొదటిదే కారణమవుతుంది. లైటులోని డ్రైవరు కరెంటును సెకనుకు లక్షలసార్లు వేసి ఆపుతుంది, లైటు దాకా పోయిన వైరే దానికి యాంటెన్నా అవుతుంది. పాజిటివ్, నెగటివ్ వైర్లను కలిపి మెలిపెట్టిన షీల్డు (పైన లోహపు అల్లిక చుట్టిన) కేబులు వాడండి, షీల్డును లైటు లోహపు తొడుగుకు కలపండి. లైటుకు నాలుగంగుళాల లోపలే 43 రకం ఫెర్రైటు (రేడియో చప్పుడును అణిచే అయస్కాంత పదార్థపు ఉంగరం) పెట్టి, వైరును అందులోంచి మూడు చుట్లు తిప్పండి. స్విచ్ దగ్గర పెడితే ప్రయోజనం ఉండదు. మారిందో లేదో రేడియోలో స్క్వెల్చ్ (సన్న చప్పుళ్లను నొక్కేసే మీట) తెరిచి, దూరపు బలహీనమైన స్టేషన్ మీద వినండి.

ప్రశ్న: లైట్లను గురిపెట్టడం ఎలా? ట్యాక్సీలో బాగానే ఉన్నా దిగేటప్పుడు రన్‌వే కనిపించడం లేదు.
– ఒక పాఠకుడు, చికాగో

జవాబు: నేల మీద నిలబెట్టి గురిచూడటమే తప్పు. దిగేటప్పుడు ముక్కు ఒకవైపు, విమానం పోయే దారి ఒకవైపు. పగలు, తగినంత ఎత్తులో, ఫ్లాపులు (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) దింపి, అప్రోచ్ (దిగడానికి వచ్చే) వేగంలో 3 డిగ్రీల దిగుడు పెట్టి కాక్‌పిట్ తెర మీద పిచ్, అంటే ముక్కు ఎన్ని డిగ్రీలు లేచిందో చూడండి. అది 2 డిగ్రీలు పైకి ఉంటే, లైటు విమానం ముక్కు నుంచి తోక దాకా పోయే గీతకు 2, 3 కలిపి 5 డిగ్రీలు కిందికి చూడాలి.

ఇప్పుడు గ్యారేజీలో కాక్‌పిట్ లాంజెరాన్లు (పక్కల పొడవునా ఉండే దూలాలు) మట్టంగా ఉండేలా విమానాన్ని ఎత్తి నిలపండి. లైటుకు సరిగ్గా 15 అడుగుల ముందు గోడ ఉండాలి. లైటు మధ్య ఎత్తును గోడ మీద గీయండి. 5 డిగ్రీలంటే ఆ గీతకు 15.7 అంగుళాలు కింద కాంతి మధ్య పడాలి. పక్కకు కూడా కొంచెం తిప్పాలి. లైటు విమానం మధ్యగీతకు 9 అడుగుల దూరంలో ఉండి, 300 అడుగుల ముందు ఆ గీతను తాకాలంటే గోడ మీద 5.4 అంగుళాలు లోపలికి జరగాలి.

ట్యాక్సీ లైటును మాత్రం విమానాన్ని చక్రాల మీద దింపాక, 60 అడుగుల ముందు నేలను తాకేలా పెట్టండి. తోకచక్రం ఉన్న విమానమైతే నేల మీద ముక్కు 10 డిగ్రీలకు పైగా లేచి ఉంటుంది. దానికి ఒకే లైటుతో రెండు పనులూ కావు. సర్దాక స్క్రూల మీద, బ్రాకెట్టు మీద కలిపి పెయింటు గీత గీసి ఉంచండి. గీత విడిపోయి కనిపిస్తే లైటు కదిలిందని తెలుస్తుంది.